తొమ్మిదో తూము కింద

గంగులయ్య అబద్ధం చెబుతున్నాడని అబిగయీలుకి సోమవారం పదకొండు గంటలకల్లా తెలిసిపోయింది.

ఊటపాళెం సచివాలయం వరండాలో బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది. దాని పక్కన మడతలు విప్పి పరిచిన పాత గ్రామ పటం, అది ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు కంకర రాళ్ళు. ఆమె సర్వే నంబరు చదువుతుంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న కాలువ లస్కరు గంగులయ్య ఆ పొలానికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరి తూములు ఎత్తేదీ దించేదీ ఆయనే.

"రెండొందల పద్నాలుగు?"

"తొమ్మిదో తూము."

"పదిహేను?"

"అదీ తొమ్మిదే."

"పదహారు?"

"తొమ్మిదే పాపా. ఆ పక్కంతా తొమ్మిదే. రాసుకుంటా పో."

రాసుకుంటూ పోయే మనిషి కాదు అబిగయీలు. పటం మీద వేలు పెట్టి చూసింది. తొమ్మిదో తూము నుంచి బయలుదేరిన పిల్లకాలువ పెద్ద రైతు పద్మనాభయ్య గారి ఏడెకరాల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. రెండొందల పద్నాలుగు ఆ ఏడెకరాలు దాటాక, సముద్రం దిక్కున ఉంది.

"కాలవే లేదు కదన్నా! నీళ్ళు ఎగిరొస్తాయా?"

గంగులయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. నువ్వు తొమ్మిదని రాసుకో. అందరికీ బాగుంటాది."

ఆ మాటకే ఆమెకు చిర్రెత్తింది. అందరికీ బాగుండేలా రాయడానికైతే తాను ఎందుకు? నెల్లూరు ఆఫీసులో ఆరునెలలు కూర్చుని ఈ నీటి పటానికి ప్రాణం పోసిన వాళ్ళలో ఆమె ఒకతె. అందులో ప్రతి పొలమూ ఒక చుక్క. ప్రతి తూమూ, కాలువా, బోరూ ఒక్కో చుక్క. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు నీళ్ళు పోతాయో దానికొక గీత. సంగం బ్యారేజీ నుంచి సముద్రపు ఒడ్డు దాకా ఏ పొలం మీద వేలు పెట్టి 'పైకి వెతుకు' అన్నా దాని నీళ్ళ దారంతా వరసగా వస్తుంది. తూము మీద వేలు పెట్టి 'కిందికి వెతుకు' అంటే, అది మూస్తే ఎండిపోయే పొలాలన్నీ పేర్లతో సహా వస్తాయి. ఇన్నాళ్ళూ లస్కర్ల బుర్రల్లోనూ చిరిగిన రిజిస్టర్లలోనూ దాక్కున్నదంతా ఇక ఎవరైనా అడిగి తెలుసుకోవచ్చు. ఆ మాట తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

చుక్కలు కలిపే నియమం కూడా ఆమె పెట్టిందే. పొలానికి ఆధారం అంటే తూమో, కాలువో, బోరో అయి ఉండాలి. ఇంకేదీ కుదరదు. 'ఇంత శుభ్రంగా ఎవరూ ఆలోచించలేదు' అని టీం లీడరు సుకుమార్ అందరి ముందూ మెచ్చుకున్నాడు.

రెండొందల పద్నాలుగుకి ఎదురుగా ఆధారం గడి ఖాళీగా వదిలేసింది. చుక్క ఎర్రగా మారింది. సాయంత్రానికి అలాంటివి ముప్ఫై ఒకటి తేలాయి. గంగులయ్య ఆ ఎర్ర చుక్కల్ని ఒకసారి చూశాడు. కుర్చీ తీసి గోడవార సర్ది, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మంగళవారం ఉదయం ఆమె బస్సు దిగేసరికి జాబితా సచివాలయం గోడకెక్కి ఉంది. 'నీటి ఆధారం లేని భూములు: మెట్టగా నమోదు. అభ్యంతరాలు శుక్రవారం మధ్యాహ్నంలోగా.' దాని ముందు ఒక ముసలామె నిలబడి, కింది నుంచి పైకి, మళ్ళీ పై నుంచి కిందికి వేలితో వెతుకుతోంది. చేతుల మీద ఎండిన మట్టి పొరలు పొరలుగా ఉంది.

"ఏం చూస్తున్నావు అవ్వా?"

"నా పేరు ఉండాదంట. వెంకటశేషమ్మ. తొంభై సెంట్లు. యాడుండాదో చూపించు తల్లీ."

అబిగయీలు చూపించింది. మూడో వరస. రెండొందల పద్నాలుగు.

"మెట్ట అని రాసినారా? మాగాణి కదమ్మా నాది! మా అత్త కాలం నించీ వరే. ఈ ఎడగారుకి నీళ్ళిస్తారా, ఇయ్యరా?"

వేసవిలో వేసే ఎడగారు పంటకు ఈసారి నీళ్ళు తక్కువ. పటంలో ఆధారం ఉన్న మాగాణికే ఇస్తామని పైనుంచి ఎప్పుడో చెప్పారు. ఆ సంగతి అబిగయీలుకి తెలుసు. తెలిసీ, నిన్నంతా గడులు ఖాళీగా వదులుతున్నప్పుడు ఒక్క మనిషి ముఖం కూడా గుర్తుకు రాలేదు. గుర్తు రావడానికి ఆమె ఏ ముఖమూ చూడలేదు.

"నీ కయ్యకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయవ్వా?"

"పైనించి."

"పైన అంటే?"

"పద్మనాభయ్యన్న కయ్యలోనించి. ఆయన మడి నిండినాక మడవ తీస్తాడు. నాది నిండినాక నేను కింద వాళ్ళకి తీస్తా. ఇందులో తెలవకపోయేదేముంది?" అంది వెంకటశేషమ్మ. అని, ఈ పిల్లకు అది నిజంగానే తెలియదని కనిపెట్టి, కాస్త జాలిగా చూసింది.

గట్టుకు చిన్న గండి పెట్టి పై పొలం నుంచి కింది పొలానికి నీళ్ళు వదిలే మడవ. ఆమె పెట్టిన నియమంలో మడవకు చోటే లేదు. పొలానికి పొలం నీళ్ళిస్తుందన్న ఊహే రాలేదు. గంగులయ్యకు అది తెలుసు. కంప్యూటరుకు అర్థమయ్యే మాట తూము ఒక్కటేనని కూడా కనిపెట్టాడు. అందుకే అన్నింటికీ తొమ్మిది తొమ్మిది అని పాఠం అప్పజెప్పాడు.

ఆయన కాలువ గట్టున షెడ్డు దగ్గర తూము చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. ఆమె వెళ్ళి పక్కన నిలబడింది.

"నిన్ననే సరిగ్గా చెప్పి ఉండచ్చు కదన్నా."

"చెప్తే? 'కాలవ లేదు కదా' అంటివి. కయ్యలోనించి కయ్యకి అంటే 'అది ఆధారం కాదు' అనుంటావు. అనవా?"

అని ఉండేది.

"నేను చెప్పింది అబద్ధమే పాపా. నీళ్ళు మాత్రం తొమ్మిదో తూమువే," అన్నాడు గంగులయ్య.

ఆమె వేప చెట్టు నీడకు పోయి సుకుమార్‌కి ఫోన్ చేసింది. తప్పు తనదేనని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. అతను కోప్పడలేదు. అదే ఇంకా భయంగా ఉంది.

"పొలం నుంచి పొలానికి గీత పెట్టచ్చు, అబీ. సాయంత్రానికి ఆ రకం తెరిపిస్తాను. కానీ పై పొలం ఓనర్ సైన్ ఉండాలి. వాళ్ళ భూమిలోనుంచి ఇంకొకరి నీళ్ళు పోతాయని మనం ఊరికే రాసేస్తే రేపు గొడవ. ముప్ఫై ఒకటికీ పైన ఎవరు?"

"వరసగా వెతికితే అందరికీ పైన ఒక్కరే సార్. పద్మనాభయ్య గారు."

"ఇంకేం, ఒక్క మనిషే కదా. శుక్రవారం మధ్యాహ్నం లాక్ చేసేస్తారు. ఆకుపచ్చగా ఉన్నవాటిని మాత్రం కదిలించకు, ప్లీజ్."

ఒక్క మనిషే. బుధవారం పొద్దున పద్మనాభయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ మాట ఎంత బరువో అబిగయీలుకి తెలిసింది. ఆయన మర్యాదస్తుడు. మజ్జిగ ఇప్పించాడు. నెల్లూరులో ఏ వీధి, నాన్న ఏం చేస్తాడు, ఏ చర్చికి పోతారు, అన్నీ కనుక్కున్నాడు. ముప్ఫై ఒక్క కాగితాలూ ఒడిలో పెట్టుకుని, ఒక్కోటీ దూరంగా పట్టుకుని చదివాడు. చదివి, అంచులు సరిచేసి, మళ్ళీ ఆమె చేతికిచ్చాడు.

"మడవ తీస్తా ఉండానా? తీస్తా ఉండా. మా నాయనా తీసినాడు. నీళ్ళు ఆపినానని ఒక్కరి చేత చెప్పించు, ఇప్పుడే పెడతా సంతకం."

"ఎవరూ అనలేదండీ. అదే కదా మేము రాసేది."

"రాయటంలోనే ఉండాదమ్మా కత. ఇన్నాళ్ళూ నేను ఇస్తా ఉండా, వాళ్ళు తీసుకుంటా ఉండారు. రాసినాక అది వాళ్ళ హక్కు. నా కయ్య కాలవై పోతాది." ఆయన గొంతు తగ్గించాడు. "నీకు తెలిసిందే గదా. రోడ్డు పక్క భూమి, కాలవ నీళ్ళు. రొయ్యల గుంటలకి అడుగుతా ఉండారు. వచ్చే నెల మిషను దిగతాది. పర్మిషను కోసం పోతే నీ కంప్యూటరు ఏం చెప్తాది?"

ఏం చెబుతుందో ఆమెకు బాగా తెలుసు. 'కిందికి వెతుకు' అంటే ముప్ఫై ఒక్క పేర్లు చెబుతుంది. దానికోసమే కదా కట్టింది.

"గుంట తవ్వితే కింద వాళ్ళకి నీళ్ళు..."

"దేవుడుండాడు. బోర్లు వేసుకుంటారు," అన్నాడాయన. సముద్రం ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట బోరు వేస్తే ఉప్పు నీళ్ళు వస్తాయని తెలిసిన మనిషే ఆ మాట అన్నాడు. కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ రోజంతా ఆమె చేతికి పని లేదు, మనసుకు నెమ్మది లేదు. అన్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేసింది. ల్యాప్‌టాప్ తెర మీద ముప్ఫై ఒక్క ఎర్ర చుక్కలు ఒంటి మీద పొంగు పోసినట్టు కనిపించాయి. ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూసింది. వెంకటశేషమ్మ. చిన్నపోలయ్య. ప్రమీలమ్మ. ఎవరి భూమీ ఎకరం దాటలేదు. అన్నింటికీ పైన పద్మనాభయ్య గారి రెండొందల ఒకటి, పచ్చగా, నిశ్చింతగా. దాని పైన పిల్లకాలువ, ఆ పైన తొమ్మిదో తూము. గీతలన్నీ చక్కగా ఉన్నాయి. గీసింది తానే. పాత పటం చూసి గీసింది.

సాయంత్రం బస్సులో ఏడుపొచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిన్న ఆ ముసలామె తనను జాలిగా చూసిన చూపు వదలడం లేదు.

గురువారం మొదటి బస్సుకే వచ్చేసింది. ఏం చేయాలో తెలియదు, ఇంట్లో ఉండలేక వచ్చింది. పోర్టుకు పోయే లారీలు వరసగా దుమ్ము రేపుతున్నాయి. రోడ్డు దిగి, పద్మనాభయ్య పొలం వైపు గట్టు మీద నడిచింది. మొన్ననే కోతలైపోయి పొలాలన్నీ మోళ్ళతో ఉన్నాయి. రోడ్డుకూ ఆ ఏడెకరాలకూ మధ్య మూడుమూలల ముక్క ఒకటి ఉంది, పెద్ద కళ్ళం అంత. అందులో ఎవరో వంగి పార ఆడిస్తున్నారు.

వెంకటశేషమ్మ. చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, రోడ్డు కిందినుంచి వచ్చే సిమెంటు తూర మూతి దగ్గర బురదలో నిలబడి ఉంది. పారతో లోపలి మట్టిని గీరి లాగుతుంది, తట్టలోకి ఎత్తుతుంది, తట్టను తుంటి మీదికి తీసుకుని గట్టవతల పోసి వస్తుంది. పార ఆడనిచోట బోర్లా పడుకుని చేత్తోనే తీస్తోంది. పార కర్ర ఆమె చేతులు తగిలే రెండుచోట్లా నున్నగా మెరుస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావవ్వా? నీ పొలం అంత దూరంలో ఉంటే!"

"ఏటేటా తీసేదే. రోడ్డు మీది మట్టంతా దీంట్లోనే చేరతాది. ఇది పూడిపోతే నీళ్ళు దాటవు గదా."

"ఎక్కడికి దాటవు?"

"పద్మనాభయ్యన్న కయ్యలోకి." ఆమె చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "ఆయనకి రాకపోతే నాకెట్ట వస్తాయి?"

అబిగయీలు గట్టు మీద కూలబడింది. బ్యాగులోంచి పటం తీసి మోకాళ్ళ మీద పరిచింది. పటంలో పిల్లకాలువ తిన్నగా పద్మనాభయ్య పొలంలోకి పోతోంది. కళ్ళెదుట ఆ కాలువ ఉండాల్సిన చోట రోడ్డుంది, రోడ్డు మీద బొగ్గు లారీ పోతోంది.

ఎవరు చెప్పారో, గంగులయ్య సైకిలు వేసుకుని వచ్చాడు. రోడ్డు పక్కనే ఆపి, ఒక కాలు కింద పెట్టి చూస్తున్నాడు.

"గంగులయ్యన్నా, ఈ ముక్క ఎవరిది?"

ఆయన వెంటనే చెప్పలేదు. ఈసారి అబద్ధం చెప్పడానికి కాదు. ఎంతవరకు చెప్పాలో చూసుకుంటున్నాడు.

"ఆమెదే. రోడ్డు పడినప్పుడు కాలవ దాని కిందికి పోయింది. ఈ తూర ఏసినారు. ఆమె భూమి కొంత పోయింది, ఈ ఎనిమిది సెంట్లు మిగిలింది. తూర నోరు దీంట్లోనే తెరుచుకునింది."

"అంటే పద్మనాభయ్య గారికి నీళ్ళు..."

"ఆమె నేలలోనించే పోవాల. ఇంకో దారి లేదు."

"ఆయనకు తెలుసా?"

"తెలవకేం? పదిహేనేళ్ళ నించి అట్టనే పోతా ఉండాయి గదా, మర్చిపోయుంటాడు. తీసుకునేది ఎవరికి గుర్తుంటాది పాపా?"

"నువ్వెందుకు చెప్పలేదవ్వా ఇన్నాళ్ళూ?"

వెంకటశేషమ్మ పార ఆపలేదు. "చెప్పేదానికేముంది తల్లీ? నా నీళ్ళ కోసం నేను తీసుకుంటా ఉండా. ఆయన కోసం కాదులే."

అబిగయీలు చెప్పులు విప్పి బురదలోకి దిగింది. తూర మూతి, ముక్క మూడు మూలలూ, ఏడెకరాల గట్టు, అన్నింటి దగ్గరా నిలబడి ఫోనులో గుర్తులు పెట్టుకుంది, ఫొటోలు తీసింది. మధ్యాహ్నం వరండాలో కూర్చుని రెండొందల ఒకటి తెరిచింది. ఆకుపచ్చగా ఉన్నవాటిని కదిలించొద్దన్నాడు సుకుమార్. కదిలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. అబద్ధమని ఒకరి మీద విసుక్కున్నది మొన్ననే కదా! తన పచ్చ చుక్క మాత్రం ఏమిటి?

పాత గీత చెరిపేసింది. కొత్త చుక్క పెట్టింది. నూట ఎనభై ఏడు బై రెండు, ఎనిమిది సెంట్లు, వెంకటశేషమ్మ. దాని నుంచి రెండొందల ఒకటికి గీత లాగింది. 'పై పొలం హక్కుదారు సంతకం లేదు' అని చూపించి, పద్మనాభయ్య గారి ఏడెకరాలు ఎర్రబడ్డాయి.

శుక్రవారం పదింటికి సచివాలయం హాలు నిండిపోయింది. సుకుమార్ నెల్లూరు నుంచి ప్రొజెక్టరు తెచ్చాడు. తెర లేకపోతే గోడకు తెల్ల దుప్పటి కట్టారు. పద్మనాభయ్య ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వెంకటశేషమ్మ తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

దుప్పటి మీద ఊరు వచ్చింది. ఎర్ర చుక్కలు ముప్ఫై రెండు. సుకుమార్ ఒకసారి లెక్కపెట్టి అబిగయీలు వైపు చూశాడు. ఆమె ఫొటోలున్న ఫోను అతని చేతికిచ్చింది. అతను ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. అతను ఫోను తిరిగిచ్చి, మెల్లగా, "చూపించు" అన్నాడు.

ఆమె రెండొందల ఒకటి మీద బాణం గుర్తు పెట్టి 'పైకి వెతుకు' నొక్కింది. ఏడెకరాల నుంచి గీత బయలుదేరింది. అందరూ తొమ్మిదో తూము కోసం చూస్తున్నారు. గీత మధ్యలో చిన్న చుక్క దగ్గర ఆగింది. దాని పక్కన పేరు వచ్చింది.

ఎవరో పైకి చదివారు. "వెంకటశేషమ్మ."

పద్మనాభయ్య కాలు దించాడు. "ఏందిది?"

"మీ పొలానికి నీటి ఆధారమండీ," అంది అబిగయీలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రోడ్డు తూర ఆమె నేలలో ఉంది. ఆమె సంతకం ఉంటే మీది మాగాణి. లేకపోతే ఇప్పటికి మెట్ట, దేనికీ కాలువ నీళ్ళు రావు."

"ఆ తూర సంగతా..." ఆయన గంగులయ్య కోసం వెనక్కి తిరిగాడు. గంగులయ్య కిటికీ ఊచలు పట్టుకుని బయట ఆకాశం చూస్తున్నాడు. పద్మనాభయ్య నవ్వబోయాడు. "దానికేముంది. శేషమ్మ పెట్టదా ఏంది? మే శేషమ్మా, ఇట్ట రా."

జనం దారి ఇచ్చారు. ఆమె వచ్చి బల్ల ముందు నిలబడింది. అబిగయీలు కాగితం ఆమె వైపు జరిపి, పెన్ను ఇచ్చింది. వెంకటశేషమ్మ కాగితాన్ని చాలాసేపు చూసింది. చదువుతోందో, ఆలోచిస్తోందో తెలియలేదు.

"నేను పెట్టకపోతే అన్న కయ్యలు యాడ రాస్తారు తల్లీ?"

"నీవి రాసిన చోటే అవ్వా. ఆ గోడ మీది జాబితాలో."

ఆమె తల ఊపింది. కోపం లేదు ముఖంలో. కాగితాన్ని మడత పడకుండా రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. పెన్నుకు మూత పెట్టి, బల్ల మీద పద్మనాభయ్య వైపున్న ముప్ఫై ఒక్క కాగితాల మీద ఉంచింది.

"ముందు అన్న పెట్టనీ. పెద్దాయన. ఆయన పెట్టినాక నేను పెడతా."

పద్మనాభయ్య చుట్టూ చూశాడు. ప్రతి ముఖమూ దుప్పటి వైపే ఉంది, ఆయన వైపు కాదు. గుంట తవ్వే మిషను సంగతి ఊరందరికీ తెలుసని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. అద్దాలు పంచె అంచుతో తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

మొదటి సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. తరవాత వరసగా పెట్టుకుంటూ పోయాడు. ఒక్కో కాగితం చేతికందగానే అబిగయీలు నమోదు చేస్తోంది, దుప్పటి మీద ఒక్కో చుక్కకు గీత తగులుకుంటోంది. రంగు మాత్రం మారడం లేదు. ముప్ఫై ఒకటీ అయ్యాక కూడా అన్నీ ఎర్రగానే ఉన్నాయి. పై చుక్క ఎర్రగా ఉంటే కిందివి పచ్చబడవు. ఆ నియమం కూడా ఆమెదే.

అప్పుడు వెంకటశేషమ్మ బల్ల మీదికి వంగింది. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దించింది. వెంకట అయ్యాక ఊపిరి పీల్చుకుని శేషమ్మ రాసింది. అబిగయీలు మీట నొక్కింది. ఏడెకరాలు పచ్చబడ్డాయి, దాని కింద తొంభై సెంట్లు, దాని కింద మిగతావన్నీ.

వెనక ఎవరో చప్పట్లు కొట్టబోయి, పద్మనాభయ్యను చూసి ఆగిపోయారు. అబిగయీలుకి కళ్ళు మసకబారాయి. ముసలామె చేయి పట్టుకోవాలనిపించి పట్టుకుంది. గోళ్ళ కింద మట్టి ఇంకా తడిగానే ఉంది.

"అయిపోయినట్టేనా?" అంది వెంకటశేషమ్మ చేయి విడిపించుకుంటూ. "అయితే పోతా. తూరలో ఇంకా రెండు తట్టల మట్టి ఉండాది."